సూక్ష్మజీవులకు సద్ది

తిరుపతి,
4 ఆగస్టు 2024.

అత్తా,

ఉత్తరం చూసి కంగారు పడకు, నాకేమీ కాలేదు. ఫోన్ ఉండగా కాగితమెందుకని మామ అడుగుతాడు కాబట్టి ముందే చెబుతున్నాను. మా జయరాం సార్ దగ్గర ఒక నియమం ఉంది. ల్యాబ్‌కు బయటి నుంచి ఏ మట్టి వచ్చినా, పంపినవాళ్లు చేత్తో రాసిన కాగితం దానితో పాటు రావాలి. ఫోన్లో చెప్పింది చెల్లదు. నువ్వు ఫోన్లో "ఆ, సరే" తప్ప ఇంకో మాట మాట్లాడవు, కాగితం దొరికితే ఆపవు. కాబట్టి ఇద్దరికీ ఇదే మేలు.

నాకు మన సున్నపుగడ్డల చేను మట్టి కావాలి. పోయిన నెల వచ్చినప్పుడు చూశాను కదా, చేనంతా వేరుశనగ లేతాకులు పసుపు తిరిగి పాలిపోతే, గట్టు పక్కన నాలుగు సాళ్లు మాత్రం పచ్చగా ఉన్నాయి. మన మట్టిలో ఇనుముకు కరువు లేదు. కానీ సున్నం ఉన్న చోట అది బిగుసుకుపోయి మొక్కకు అందదు. ఆ నాలుగు సాళ్ల వేర్ల దగ్గర ఏదో బ్యాక్టీరియా ఉందని నా అనుమానం. ఇనుము దొరక్క ఆకలితో ఉన్న బ్యాక్టీరియా, బావిలో పడిన బిందెను తీసే పాతాళగరిగె లాంటిదొకటి తయారుచేసి మట్టిలోకి వదులుతుంది. అది ఇనుమును తగులుకుని తెస్తుంది. మొక్కకూ అందులో కాస్త దక్కుతుంది. ఎలా తయారుచేయాలన్నది దాని జన్యువుల్లోనే రాసి ఉంటుంది.

ల్యాబ్ తిండి పెట్టి పెంచి దీన్ని చాలామంది చూశారు. మన చేను మట్టిలో ఎవరూ చూడలేదు. నేను నీ మట్టిని నీళ్లలో కలిపి వడగట్టి, ఆ నీళ్లలోనే వాటిని పెంచుతాను. గరిగె బయటికి వస్తే, నేను పోసే నీలం రంగు నారింజ రంగుకు తిరుగుతుంది. నవంబరు ఇరవైన పెద్దలు కూర్చుని నా పని చూస్తారు. అప్పటికి నారింజ కనపడకపోతే ఈ పని మూసేసి నన్ను రొయ్యల రోగాల పనిలో వేస్తానని సార్ చెప్పేశారు. మూడేళ్ల శ్రమ పోతుంది అత్తా. పైగా రొయ్య వాసన నాకు పడదు.

స్టీలు డబ్బాను వేడినీళ్లతో కడిగి, ఆ సాళ్లలో జానెడు లోతు మట్టిని వేర్లతో సహా తీసి, తిరుపతి బస్సు కండక్టరు ఓబిలేష్ అన్న చేతికివ్వు. చేనులో ఎరువు వేశారా, ఇనుము కోసం అన్నభేది కొట్టారా, నీళ్లు పెట్టారా అన్నది కాగితం మీద రాయి.

నీ మేనకోడలు,
ఆశ్రిత

బెళుగుప్ప మండలం,
9 ఆగస్టు.

చిరంజీవి ఆశ్రితకు మారెక్కత్త దీవెనలు.

నీ ఉత్తరం ఓబిలేష్ బస్సు ఆపి మరీ ఇచ్చినాడు. బస్సులో వాళ్లంతా నేనెవరో పెద్ద ఆఫీసరునని తొంగి చూసినారు. మీ మామ చేత చదివించుకోలేదు, ఆయన చదివితే మధ్యలో తన మాటలు కలుపుతాడు. ఉత్తరం పుస్తకం మాటల్లో రాయాలని మా అయిదో తరగతి అయ్యవారు చెప్పినాడు కాబట్టి అట్లాగే రాస్తున్నాను. మనుషుల మాటలు మాత్రం వాళ్లు అన్నవి అన్నట్టే పెడతాను.

అడిగినవాటికి జవాబు. ఆ సాళ్లకు ఎరువు వేయలేదు. మిగతా చేనుకు అన్నభేది కొట్టినాము గానీ వీటికి కొట్టలేదు, పచ్చగానే ఉంటే ఎందుకని. నీళ్లు పెట్టలేదు, పెట్టడానికి బోరులో ఉంటే కదా.

నేను తవ్వుతుంటే మీ మామ గట్టు మీద కూర్చుని, "ఏమే, మట్టిని గూడా తిరపతి యాత్రకు పంపిస్తాండావా?" అన్నాడు. నలభై ఏళ్ల కాపురంలో నన్ను రెండు సార్లు తీసుకుపోయినాడు. మట్టికున్న అదృష్టం నాకు లేదని చెప్పినాను.

ఒక మాట మాత్రం నా మనసులో నిలిచిపోయింది. ఇనుము దొరక్క అవి ఆకలితో ఉన్నాయని రాసినావు. కంటికి కనపడకపోతేనేమి, ప్రాణమున్నవే కదా. నువ్వు మా ఇంట్లో ఉండి బడికి పోయిన ఆరేళ్లలో సద్ది కట్టకుండా ఒక్కనాడైనా నిన్ను గడప దాటనిచ్చినానా? మన ఇంటి నుంచి ఉత్త కడుపుతో ఎవరూ ప్రయాణం కారు. ఆ విషయం నాకు వదిలెయ్యి.

నర్సమ్మ పుష్పావతి వచ్చి వేలికి సూది గుచ్చింది. నా రక్తం ఏడున్నరే ఉందట, పన్నెండు ఉండాలట. ఇనుము మాత్రలని ఎర్రటివి మూడు రేకులు ఇచ్చిపోయింది. ఖాళీ రేకులు చూపిస్తేనే మళ్లీ ఇస్తుందట. ఒకటి మింగితే తుప్పు పట్టిన కొడవలి నాకినట్టు ఉంది. నాకేమి తక్కువైంది, తెల్లవారి లేస్తే పొద్దు గూకేదాకా పనిలోనే ఉన్నాను. గట్టు ఎక్కితే కాస్త ఆయాసం వస్తుంది, అది వయసు.

నువ్వు వేళకు తింటున్నావా? అది రాయి.

మీ అత్త,
మారెక్క

తిరుపతి,
18 ఆగస్టు.

అత్తా,

డబ్బా అందింది. మూతకు నువ్వు పెట్టిన పసుపూ కుంకుమా చూసి ల్యాబ్‌లో అందరూ లేచి నిలబడ్డారు. కానీ కుంకుమ లోపలికి రాలినట్టుంది, మట్టిలో అక్కడక్కడా ఎర్రటి పొడి కనిపించింది. ఈసారి బొట్టు పెట్టకు.

ఇక అసలు సంగతి. నారింజ రాలేదు. వారం రోజులు పొద్దున్నే దేవుడి గదిలోకి వెళ్లినట్టు వెళ్లి చూశాను, అంతా నీలమే. ఒక గొట్టంలో మాత్రం నీలం ఒక పిసరు పలచబడినట్టు నాకు అనిపించింది. సార్‌కు చూపిస్తే కళ్లద్దాలు మార్చుకోమన్నారు. బ్యాక్టీరియా బతికే ఉంది, బాగా పెరుగుతోంది కూడా. తన పని మాత్రం చేయడం లేదు. ఎందుకో అర్థం కావడం లేదు.

అవే సాళ్ల నుంచి ఇంకో డబ్బా పంపు. నీ ఉత్తరమంతా చదివాను. మాత్రలు మింగు. ఇనుము గురించి చదువుతున్న పిల్లకు అత్తవై ఉండి రక్తం ఏడున్నరంటే నాకే సిగ్గు.

ఆశ్రిత

బెళుగుప్ప మండలం,
23 ఆగస్టు.

చిరంజీవి ఆశ్రితకు,

నీ కాగితం చదివి మనసు పాడైంది. కుంకుమ పెట్టడం మానినాను. మీ సార్‌కు దేవుడంటే పడదేమో, మనకెందుకు.

పని చేయడం లేదని వాటిని తిట్టుకోవద్దు తల్లీ. కూలీలను చేనులోకి దింపి, సద్ది పెట్టకుండా కలుపు తీయమంటే తీస్తారా? ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ సాళ్లలో కూర్చుంటారు. నాగలి పట్టేవాడైనా, నీ గొట్టంలో ఉండేదైనా, కడుపులో ఇంత పడితేనే చేయి ఆడుతుంది. పోయినసారి నేను పిసినారితనం చేసినానేమో అనిపించింది. ఈసారి చేయి బిగపట్టకుండా చూసుకున్నాను. ఇక పని చేయకపోతే నన్నడుగు.

అడిగినవాటికి జవాబు. ఆ సాళ్లకు ఎరువు వేయలేదు, అన్నభేది కొట్టలేదు, నీళ్లు పెట్టలేదు. మూడూ నిజం.

పుష్పావతి మొన్న వచ్చి ఖాళీ రేకులు అడిగింది, ఇచ్చినాను. "మారెక్కా, నువ్వు మింగినావంటే ఊరంతా మింగినట్టే" అని మురిసిపోయింది. ఆ పిల్లను చూస్తే జాలేసింది. మాత్రలు పంచుతూ ఎండలో తిరిగి తిరిగి నల్లబడింది. మీ మామ ఆ మాట విని గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. ఆయనకు అన్నీ నవ్వులాటే.

తింటున్నావా అని అడిగితే జవాబు రాయలేదు నువ్వు. అంత చదువు చదివి ప్రశ్నలో సగం వదిలేస్తే మార్కులెవరు వేస్తారు?

మారెక్కత్త

తిరుపతి,
8 సెప్టెంబరు.

అత్తా,

రెండో డబ్బా మొదటిదానికన్నా ఘోరం. అప్పుడు నాకు కనపడిన ఆ పిసరంత పలచదనం కూడా ఈసారి లేదు. మెరిసే నీలం. దసరా చీర అంచుకు వేయొచ్చు.

జయరాం సార్ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా బల్ల మీద ఒక మూలన రొయ్యల డబ్బాలు రెండు పెట్టించారు, "ఊరికే, చోటు లేక" అన్నారు. ఆ చోటు ఎందుకో నాకు తెలుసు.

మట్టిలో మళ్లీ ఎర్ర పొడి కనిపించింది. కుంకుమ మానేశానన్నావు కాబట్టి, పక్కనున్న ఎర్రమట్టి చేను నుంచి గాలికి వచ్చి ఉంటుంది. చేను రిపోర్టు పోయిన ఏడాదిదే నా దగ్గర ఉంది. అందులో మొక్కకు అందే ఇనుము బాగా తక్కువని ఉంది. కాబట్టి మట్టిని అనుమానించడానికి లేదు. రోజంతా బస్సులో కుదిపి కుదిపి తేవడంతో బ్యాక్టీరియానే నీరసించిపోయిందేమో. నాకింకేమీ తోచడం లేదు.

ఇంకొక్క డబ్బా. ఇదే ఆఖరు.

ఆశ్రిత

బెళుగుప్ప మండలం,
14 సెప్టెంబరు.

చిరంజీవి ఆశ్రితకు,

ప్రయాణంలో నీరసించినాయేమో అన్నావు చూడు, ఆ మాట చదివినాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. నా అనుమానమూ అదే. చూసుకున్నానని అనుకున్నాను గానీ, చాలలేదు.

నిన్న సంఘం మీటింగులో ఆడవాళ్లందరికీ చెప్పినాను. మన ఆశ్రిత చదువు మన ఊరి మట్టి మీద నిలబడి ఉంది, ఆ మట్టి అక్కడికి పోయి నీరసపడుతోంది, మనం చూస్తూ ఊరుకుందామా అన్నాను. ఊరుకునేది లేదన్నారు. పదకొండు ఇళ్లవాళ్లు తలా ఇంత తెచ్చి నా కొంగులో పోసినారు. ఇంత సంతోషంగా వాళ్లు చందా ఇవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. వినాయక చవితికి ఇట్లా ఇచ్చి ఉంటే ఈసారి విగ్రహం ఇంకో రెండడుగులు ఎత్తు వచ్చేది. ఏమి ఇచ్చినారో పని అయినాక చెబుతాను, ముందే చెబితే దిష్టి.

పుష్పావతి సంతోషానికి పట్టపగ్గాలు లేవు. పదకొండు ఇళ్లలోనూ రేకులు ఖాళీ. మండలంలో మన ఊరే ముందట. రేకులన్నీ దండగా గుచ్చి చేతిలో పట్టుకుని, మమ్మల్ని వెనక నిలబెట్టి ఫోటో తీయించుకుంది. వచ్చే నెల అందరికీ రక్తం పరీక్ష చేసి, ఎంత పెరిగిందో పెద్ద డాక్టరుకు పంపుతుందట.

ఎరువు లేదు, అన్నభేది లేదు, నీళ్లు లేవు. ఈసారి నాకు నమ్మకముంది.

వేళకు తిను. మూడోసారి అడుగుతున్నాను.

మారెక్కత్త

తిరుపతి,
2 అక్టోబరు.

అత్తా,

నేను కోపంగా ఉన్నాను. నీ మీద కాదు, నా మీద. ముందే చేయాల్సిన పని ఇప్పుడు చేశాను. పాత రిపోర్టును నమ్మకుండా డబ్బాల్లోని మట్టికి ఇనుము పరీక్ష చేయించాను. పరీక్ష చేసినాయన నన్ను పిలిచి, ఇది చేను మట్టా, పాత ఇనుము కొట్టు వెనకాల మట్టా అని అడిగాడు. మొదటి డబ్బాలో ఎక్కువ, రెండోదాంట్లో ఇంకా ఎక్కువ. మూడోది చూసి ఆయన తన యంత్రం చెడిపోయిందని రిపేరుకు పంపాడు.

అందుకే ఒక్క డబ్బా కూడా పని చేయలేదు. ఎందుకో పూర్తిగా చెబుతాను, ఇది నేను మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. ఆ గరిగెను తయారుచేసే జన్యువు ఎప్పుడూ పని చేస్తూ ఉండదు. దానికి కాపలాగా ఒక ప్రొటీన్ ఉంటుంది. బ్యాక్టీరియా కడుపులో ఇనుము ఉన్నంతసేపు, ఆ ప్రొటీన్ కాస్త ఇనుము చేతపట్టుకుని జన్యువు మీద ఎక్కి కూర్చుంటుంది. తయారీ బంద్. కడుపు ఖాళీ అయ్యిందా, దాని చేతిలోని ఇనుమూ జారిపోతుంది, పట్టు తప్పి లేచిపోతుంది. అప్పుడు గానీ జన్యువు నోరు విప్పదు, గరిగె బయటికి రాదు. ఇనుము ఎక్కువైతే ఒంటికి విషం కాబట్టి అంత జాగ్రత్త. అంటే ఆకలిగా ఉంటేనే పని, కడుపు నిండితే నిద్ర.

ఇప్పుడు సార్ నన్ను ఒకటే అడుగుతున్నారు. ఇంత ఇనుము నువ్వే కలిపావా, ఇంకెవరైనా కలిపారా? ల్యాబ్‌లో నేను తప్ప ఆ డబ్బాలు ముట్టుకున్నవాళ్లు లేరు. నవంబరులో పెద్దలూ ఇదే అడుగుతారు. రొయ్యలు తర్వాత, ముందు నన్ను దొంగ అంటారు. ఆ సాళ్లలో పాత నాగలి కర్రు ఏమైనా పూడిపోయి ఉందా? డబ్బా తుప్పు పట్టిందా? ఆలోచించి వెంటనే రాయి.

ఆశ్రిత

బెళుగుప్ప మండలం,
7 అక్టోబరు.

చిరంజీవి ఆశ్రితకు మారెక్కత్త రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. చెనిక్కాయ, అదే మీ వేరుశనగ, పీకుతున్నాము. దిగుబడి పర్వాలేదు, పోయిన ఏడాది కన్నా నయం. పాడి ఎనుము ఈనింది, దూడ పెయ్య. గుమ్మఘట్ట నుంచి మీ మామ చెల్లెలు వచ్చి నాలుగు రోజులు ఉండి, సగం కన్నడం సగం తెలుగు కలిపి నన్ను సతాయించి పోయింది. గాలి బాగా వీస్తోంది. ఆ నాలుగు సాళ్లు మాత్రం పీకనివ్వలేదు, నీ కోసం అట్లాగే ఉంచినాను. చూస్తే కాగితంలో ఒక పక్క అయిపోయింది. మిగతాది వెనక రాస్తున్నాను.

నాగలి కర్రు లేదు. డబ్బాకు తుప్పు లేదు. ఇనుము నేనే వేసినాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నీ ఉత్తరంలో ఇనుము అన్న మాట రాగానే నా చేయి కొంగు తడుముకుంది. నర్సమ్మ ఇచ్చిన ఎర్ర మాత్రలు రోట్లో వేసి నూరి, మట్టిలో కలిపి పంపినాను. ఆకలితో ఉన్నాయని నువ్వే రాసినావు. నా దగ్గర ఇనుము రేకులు రేకులుగా పడి ఉంది, నాకు వద్దు, వాటికి కావాలి. దారిలో సద్దిగా ఉంటుందని వేసినాను. పని చేయడం లేదని నువ్వు రాసినప్పుడల్లా చాలలేదేమోనని ఇంకా వేసినాను. చేనులో ఏమైనా వేసినారా అని అడిగినావు గానీ డబ్బాలో వేసినారా అని అడగలేదు. ఆ సాళ్లలో వేయలేదు, అది నిజమే. కానీ తప్పు నాదే.

రాత్రి దీపం పెట్టే వేళ నీ ఉత్తరంలో ఆ కాపలా సంగతి చదివి మీ మామకు వినిపించినాను. ఆయన ముద్ద చేతిలో పట్టుకునే, "ఇంకేముండాది, వాటికి కడుపు నిండిన బేరమయ్యింటుంది" అన్నాడు. మళ్లీ కాసేపటికి, "కుండలో సంగటి ఉన్నన్నాళ్లూ నేను అరుగు దిగుతానా యాడన్నా?" అన్నాడు. ఆయన దిగడు. అది నాకు తెలుసు. నలభై ఏళ్లుగా కళ్ల ముందర చూస్తూ కూడా నేను ఈ చిన్న సంగతి కనుక్కోలేకపోయినాను.

ఇంకోటి కూడా చెప్పాలి. పుష్పావతి పదకొండు ఇళ్లలో రక్తం పరీక్ష చేసింది. ఎవరికీ ఒక్క చుక్క పెరగలేదు. నాది అదే ఏడున్నర. ఆ పిల్ల మెట్ల మీద కూలబడి, "ఏమక్కా, రేకులన్నీ ఖాళీ అయినాయి, రక్తం యాడికి పోయినాది?" అని అడిగింది. తిరుపతికి పోయింది అని చెప్పడానికి నోరు రాలేదు.

నీకు మంచి చేద్దామని పోయి నీ మూడేళ్ల చదువుకు మన్ను కొట్టినాను. మీ సార్‌కు ఏమని రాయాలో చెప్పు, రాసి వేలిముద్ర కూడా వేస్తాను. నీకు కోపం వస్తే తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

మారెక్క

తిరుపతి,
12 అక్టోబరు.

అత్తా,

ముందు అరగంట నిన్ను తిట్టుకున్నాను. నోట్లో ఉన్న మాటలన్నీ అయిపోయాయి. తర్వాత ల్యాబ్ బయట మెట్ల మీద కూర్చుని నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. ఇద్దరు పిల్లలు వచ్చి ఎవరైనా పోయారా అని అడిగారు.

నీ ఉత్తరం సార్‌కు చదివి వినిపించాను. మామ అరుగు సంగతి దగ్గర ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత నా నోటుపుస్తకం తెప్పించుకుని, మొదటి డబ్బా దగ్గర నేను రాసుకున్న "ఒక పిసరు పలచన" అన్న మాట కింద గీత గీశారు. "ఎన్నెన్ని మాత్రలు వేశారో మీ అత్తకు గుర్తుందా?" అని అడిగారు.

అర్థమైందా? ఇనుము కొంచెం ఉంటే జన్యువు గొణుగుతుంది, ఎక్కువైతే నోరు మూసుకుంటుంది. నువ్వు నాకు తెలియకుండా మూడు మెట్లు కట్టి పెట్టావు. కింది మెట్టు ఒక్కటే లేదు, ఏమీ కలపని మట్టి. అది వస్తేనే మిగతా మూడింటికీ అర్థం. అందులోనూ నీలమే వస్తే నా అనుమానం మొదటి నుంచీ తప్పని లెక్క, అప్పుడు రొయ్యలే.

కాబట్టి మూడు పనులు చెయ్యి. ఏ డబ్బాలో ఎన్ని వేశావో రాయి. పీకకుండా ఉంచిన సాళ్ల నుంచి నాలుగో డబ్బా పంపు, అందులో మట్టీ వేర్లూ తప్ప దేవుడు ప్రసాదం ఇచ్చినా వేయకు. మూడోది, పుష్పావతి గారికి నిజం చెప్పి, ఆవిడ ఎదురుగా మాత్ర మింగు. బ్యాక్టీరియాకు గరిగె ఉంది, నీకు లేదు. నువ్వు మింగితేనే నీకు.

నీ
ఆశ్రిత

బెళుగుప్ప మండలం,
17 అక్టోబరు.

చిరంజీవి ఆశ్రితకు,

మొదటి డబ్బాలో అయిదు. రెండోదాంట్లో పది. మూడోదాంట్లో నలభై, పదకొండు ఇళ్లవాళ్లు అంతకుముందే పారేయగా మిగిలినవి అవే. ఇవి నా చేత్తో రాసి ఇస్తున్నాను, మీ సార్‌కు చూపించు.

పుష్పావతికి చెప్పినాను. అరుస్తుందనుకుంటే అరవలేదు. ఫోన్ తీసి ఆ రేకుల దండ ఫోటోను చాలాసేపు చూసుకుంది. నాకు అదే ఎక్కువ బాధైంది. ఇప్పుడు రోజు మార్చి రోజు వచ్చి, మాత్ర నా నాలుక మీద పెట్టి, నీళ్లు తాగినాక నోరు తెరిచి చూపించమంటుంది. పదకొండు ఇళ్లవాళ్లూ అట్లాగే తెరుస్తున్నారు. నిమ్మరసంతో మింగితే వాంతి రాదని చెప్పింది, నిజమే. ముందే చెప్పి ఉంటే ఇంత రామాయణం ఉండేది కాదు.

నాలుగో డబ్బా ఇదే. ఏమీ వేయలేదు. మూత పెట్టేటప్పుడు చేయి రెండు సార్లు వెనక్కి వచ్చింది. మన ఇంటి నుంచి ఒక ప్రాణం ఉత్త కడుపుతో బయలుదేరడం నా ఎరుకలో ఇదే మొదలు. ఓబిలేష్ బస్సు మలుపు తిరిగేదాకా రోడ్డు మీదనే నిలబడినాను. మీ మామ దూరం నుంచి, "అవి ఆకలైతేనే పాట పాడతాయంట, రా ఇంటికి" అని పిలిచినాడు.

నువ్వు తింటున్నావో లేదో ఇంతవరకు రాయలేదు.

మారెక్కత్త

తిరుపతి,
22 నవంబరు.

అత్తా,

నారింజ వచ్చింది.

నాలుగో డబ్బా అందిన అయిదో రోజు పొద్దున తలుపు తీస్తే, వరసగా పెట్టిన గొట్టాలన్నీ పండిన నారింజ తొనల్లా ఉన్నాయి. నేను ఎవరినీ పిలవలేదు. కాసేపు ఒక్కదాన్నే నిలబడి చూసుకున్నాను. తర్వాత జన్యువు పలుకుతోందో లేదో చూసే యంత్రంలో పెట్టాను. ఏమీ కలపని మట్టిలో గట్టిగా పలికింది, అయిదు మాత్రల మట్టిలో గొణిగింది, పదికీ నలభైకీ చప్పుడు లేదు. ఆ తర్వాత నెలంతా ల్యాబ్‌లోనే పడుకుని, ఉత్త మట్టికి నేనే తూచి ఇనుము కలిపి మళ్లీ మళ్లీ చేశాను. ప్రతిసారీ అదే వరస.

ఇరవైన పెద్దలు కూర్చున్నారు. ఒకాయన, ఈ అయిదు, పది, నలభై అన్న మోతాదులు ఎవరు నిర్ణయించారని అడిగాడు. నేను సార్ వైపు చూశాను. సార్ లేచి, "ఆ చేను యజమాని నిర్ణయించారు, ఆవిడ చేతిరాత కాగితం మా దగ్గర ఉంది" అన్నారు. నీ కాగితం అందరి చేతులూ తిరిగింది. పని ఇంకో రెండేళ్లు కొనసాగించమన్నారు. రొయ్యల డబ్బాలను సార్ తన చేత్తోనే నా బల్ల మీద నుంచి తీసుకుపోయారు.

ఇక నువ్వు నాలుగు సార్లు అడిగినదానికి జవాబు. తినడం లేదు అత్తా. పొద్దున టీ, మధ్యాహ్నం గుర్తొస్తే ఏదో ఒకటి. నిన్న సంతోషంలో స్నేహితులతో కలిసి రక్తదాన శిబిరానికి వెళ్లాను. వేలికి సూది గుచ్చి చూసి, నన్ను పక్కన కూర్చోబెట్టి, బత్తాయి రసం ఇచ్చి, "నీకే ఎవరైనా ఇవ్వాలమ్మా" అని పంపేశారు. నా రక్తం ఏడు. నీకన్నా అర తక్కువ. ల్యాబ్‌లో ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఆశ్రిత

బెళుగుప్ప మండలం,
27 నవంబరు.

చిరంజీవి ఆశ్రితకు మీ అత్త దీవెనలు.

నీ పని నిలబడిందని చదివి దేవుడి పటం ముందర దీపం పెట్టినాను. సంఘం ఆడవాళ్లందరికీ బెల్లం పంచినాను. మీ మామ అరుగు దిగి వచ్చి, తన వంతు అడిగి తీసుకున్నాడు. అది చూసి నాకు నీ కాపలా ప్రొటీన్ మీద నమ్మకం కుదిరింది.

నీ ఉత్తరం చివరి సగం పుష్పావతికి చదివి వినిపించినాను. చెప్పొద్దని నువ్వు రాయలేదు. ఆ పిల్ల రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "మీ ఇంట్లో అందరికీ ఇదే రోగమా అక్కా?" అంది. నా రక్తం ఇప్పుడు తొమ్మిది దాటింది. గట్టు ఎక్కితే వచ్చే ఆయాసం వయసు కాదని తేలింది.

ఈసారి ఓబిలేష్ చేతికి రెండు డబ్బాలు ఇచ్చినాను. పెద్దదాంట్లో మట్టి ఉంది, ఉత్త మట్టే, మీ సార్ కోసం. చిన్నదాంట్లో కొర్ర రొట్టెలు, చెనిక్కాయ చెట్నీ, నిమ్మకాయలు అయిదు, వాటి కింద పుష్పావతి ఇచ్చిన ఎర్ర మాత్రలు మూడు రేకులు. వాటిని మట్టిలో కలపలేదు, విడిగానే పెట్టినాను. అది నీ సద్ది. ఆరేళ్లు నీ వెనక కట్టిన చేయి, నువ్వు గడప దాటినాక ఎవరికి కట్టాలో తెలియక దారి తప్పింది. ఇప్పుడు దారికి వచ్చింది.

నెల తర్వాత ఖాళీ రేకులు పంపవద్దు. ఖాళీ రేకుల సంగతి నాకు తెలుసు. రక్తం పరీక్ష చీటీ పంపు.

మారెక్కత్త